బల్ల మీద సర్దిన భుజం

తడి తువ్వాళ్ళ మూట ఎంత బరువుండాలో భుజాలత్తకి ఒకసారి చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. మరీ తేలికైతే కండ వదలదు. మరీ బరువైతే మనిషి నొప్పికి బిగుసుకుపోతుంది. నీళ్ళు పూర్తిగా పిండని తువ్వాళ్ళు ఆరు, వాటిని ఒక పాత గలేబులో దూర్చి మూతి కట్టాలి. మనిషిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, భుజం జారిన చెయ్యి బల్ల అంచు నుంచి కిందికి వేలాడేటట్టు చూడాలి. మణికట్టుకి మెత్తటి గుడ్డ చుట్టి ఆ మూట తగిలించాలి. ఆ తర్వాత మాట్లాడుతూ ఉండాలి. అసలు మందు అదే. మాటల్లో పడితే మనిషి తన చేతిని మరిచిపోతుంది. మరిచిపోయిన క్షణాన భుజాలత్త తన బొటనవేలితో రెక్క ఎముక కింది కొసని వెన్ను వైపు మెల్లగా నెడుతుంది. లోపల టక్కుమంటుంది. అంతే.

ఈ విద్య ఆవిడకి తనకంటే ముందు లైనుకి పెద్దగా చేసినావిడ నేర్పింది. లాండ్రీలో లైను అంటే ఆరుగురు ఆడవాళ్ళు, ఆరు పైపులు. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకు మిషన్ల నుంచి తడితడిగా తోపుడుబండ్ల మీద వస్తాయి. ఒక్కో దుప్పటినీ నాలుగు మడతలుగా పట్టుకుని, కుడిచెయ్యి తల మీదుగా వెనక్కి తీసుకెళ్ళి, నెత్తికి మూరెడు ఎత్తున ఉన్న పైపు మీదికి విసరాలి. పైపుల కింద నుంచి వేడిగాలి వస్తుంటుంది. రోజుకి మనిషికి మూడొందల విసుర్లు. ఎవరిదో ఒకరిది భుజం జారుతూనే ఉంటుంది. జారినప్పుడల్లా బట్టలు కుట్టే గది వెనకున్న బల్ల దగ్గరికి వెళ్తారు. పది నిమిషాల్లో తిరిగొచ్చి పైపు కింద నిలబడతారు. అందుకే ఆవిడకి ఆ పేరు. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ రోజు బల్ల మీద పడుకున్నది ఆవిడ కోడలు.

"నిన్న నా కొడుకు కూర చేశాడుగా, ఎలా ఉందే?" అంది భుజాలత్త, మూట తగిలిస్తూ.

"ఉప్పు రెండుసార్లు వేశారు అత్తయ్యా." కోడలి గొంతు బల్లలోంచి వచ్చినట్టు వినిపించింది.

"రెండుసార్లేనా? వాళ్ళ నాన్న మూడుసార్లు వేసేవాడు. ఒకసారి గుర్తుండి, ఒకసారి మరిచిపోయి, ఒకసారి నేను అడిగానని."

కోడలు నవ్వింది. నవ్వితే కండ వదులుతుంది. భుజాలత్త బొటనవేలు ఎముక కొసని వెతుక్కుంది, నెట్టింది. టక్కుమనలేదు.

ఇంకో రెండు తువ్వాళ్ళు కలిపింది. ఇంకో కబురు చెప్పింది. పావుగంటయింది. అరగంటయింది. కోడలు నవ్వడం మానేసింది. నుదురు బల్లకి ఆనించి, పళ్ళు బిగబట్టి ఉంది. చేతివేళ్ళు చల్లబడ్డాయి.

"చిటికెనవేలు తెలుస్తోందా?"

"లేదత్తయ్యా."

భుజాలత్త మూట విప్పేసింది. పదిహేనేళ్ళలో ఆ బల్ల మీద పడుకున్న భుజం సర్దుకోకపోవడం ఆవిడ చూడలేదు. గుమ్మంలోంచి సూపర్వైజరు తొంగి చూశాడు. "ఇంకా అవ్వలేదా అత్తా? రెండో పైపు ఖాళీగా ఉంది."

"అవ్వదు. ఆసుపత్రికి తీసుకుపోతున్నా."

ఆయన గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో సూది మందిచ్చి, మత్తులో ఉండగా భుజాన్ని లోపలికి పెట్టారు. వేళ్ళకి స్పర్శ సాయంత్రానికి వచ్చింది. చెయ్యి గుడ్డ జోలెలో కట్టి, ఎక్స్‌రే ఫోటో తీసి, మర్నాడు ఎముకల డాక్టరమ్మని కలవమన్నారు.

*

డాక్టరమ్మ భుజాలత్త అనుకున్నంత పెద్దావిడ కాదు. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. కళ్ళ కింద నలుపు. బల్ల మీద ప్లాస్టిక్ ఎముకల భుజం ఒకటి, రబ్బరు పట్టీలతో కట్టినది ఉంది. మాట్లాడేటప్పుడు ఆవిడ వేళ్ళు ఊరికే దాన్ని తిప్పుతుంటాయి.

"ఇప్పటికి ఎన్నిసార్లు ఊడిందమ్మా?" కోడల్ని అడిగింది.

కోడలు మొగుడి వైపు చూసింది. అతను లాండ్రీ వ్యాను డ్రైవరు. వ్యాను బయట ఆపి వచ్చాడేమో, తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు.

"రెండుసార్లండీ," అన్నాడతను. "పోయిన ఏడు ఒకసారి, నిన్న ఒకసారి."

అబద్ధం చెప్పాలని అతను అనుకోలేదు. లాండ్రీలో అందరి లెక్కా అదే. ఆసుపత్రికి పోయి, షిఫ్టు పోగొట్టుకుంటేనే ఊడినట్టు. పోయిన ఏడు ఊడిన రోజున భుజాలత్త సెలవులో ఉంది, అందుకే ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. బల్ల మీద సర్దుకున్నవి ఎవరూ లెక్కేసుకోరు. చెయ్యి తిమ్మిరెక్కిందనో కాలు బెణికిందనో లెక్కపెట్టుకుంటూ కూర్చునే వాళ్ళుంటారా? భుజాలత్తకి కూడా ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు.

"రెండు," అని రాసుకుంది డాక్టరమ్మ. "సరే, స్కాను తీయిద్దాం."

స్కాను కాగితాలు మర్నాడు వచ్చాయి. డాక్టరమ్మ వాటిని వెలుగుతున్న తెర మీద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత ప్లాస్టిక్ భుజాన్ని ముందుకి లాక్కుని, గుండ్రటి ఎముకని గుంటలోంచి తీసి పక్కన పెట్టింది.

"చూడమ్మా. భుజం గుంట లోతుగా ఉండదు. సాసరంత ఉంటుంది. ఈ గుండు దాని మీద ఆనుకుని ఉంటుంది, అంతే. జారిపోకుండా చుట్టూ మెత్తటి గట్టు ఒకటి ఉంటుంది. మీకు ముందువైపు ఆ గట్టు చిరిగింది. అది చిరిగాక చెయ్యెత్తి వెనక్కి తిప్పినప్పుడల్లా గుండు ముందుకి జారుతుంది."

"బాగుచేస్తారుగా?" అన్నాడు కొడుకు.

"రెండు దారులున్నాయి. ఒకటి, మూడు చిల్లులు పెట్టి, గొట్టం కెమెరాతో లోపలికి చూస్తూ, చిరిగిన గట్టుని దారాలున్న చిన్న మేకులతో ఎముకకి కుట్టేయడం. మామూలుగా ఇదే చేస్తాం. చిన్న మచ్చలు తప్ప ఏం కనిపించవు." ఆవిడ సాసరు లాంటి ఎముక ముందు అంచు మీద గోరుతో గీసింది. "కానీ మీకు ఇక్కడ ఎముక కూడా అరిగింది. దాదాపు ఏడో వంతు. ఎముక బాగా పోయిన వాళ్ళకి కుట్టు నిలవదు. వాళ్ళకి రెండో దారి. భుజం ముందు పక్షి ముక్కులా ఉండే ఈ ఎముక ఉంది చూశారా, దీని కొస బొటనవేలి కణుపంత కోసి, దానికున్న కండతో సహా తెచ్చి, అరిగిన అంచు దగ్గర రెండు స్క్రూలతో బిగిస్తాం. అంచు పెరుగుతుంది. చెయ్యెత్తినప్పుడు ఆ కండ పట్టీలా అడ్డం పడి గుండుని ఆపుతుంది."

"అమ్మో," అంది కోడలు.

"పెద్ద ఆపరేషనే. పక్కనే నరాలుంటాయి, జాగ్రత్తగా చేయాలి. మీది అటూ ఇటూ కాని చోట ఉంది." డాక్టరమ్మ తల తిప్పి కోడలి మొహంలోకి సూటిగా చూసింది. "అందుకే మళ్ళీ అడుగుతున్నా. రెండుసార్లు ఊడితే ఇంత అరగదు. ఇంకెప్పుడైనా ఊడిందా? దానంతటదే లోపలికి పోయిందా? ఎవరైనా పెట్టారా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కోడలు అత్త వైపు చూసింది. ఒక్క చూపు. అంతలోనే ఒళ్ళోని జోలె ముడి వైపు తల దించుకుంది.

"రెండేనండీ," అంది.

ఎవరైనా పెట్టారా అన్న మాట భుజాలత్త చెవిలో గిర్రున తిరుగుతోంది. ఆవిడ తన రెండు చేతులూ చీర చెంగులో చుట్టేసుకుంది, ఎవరో వాటిని అడిగినట్టు.

"సరే. అయితే కుట్టుతోనే పోదాం. ఎల్లుండి పొద్దున." డాక్టరమ్మ రాసుకుంది. "ఏం పని చేస్తారు?"

"లాండ్రీలో," అన్నాడు కొడుకు. "బట్టలు మడతపెడుతుంది."

అది మాత్రం అబద్ధమే. సూపర్వైజరు చెప్పమన్న అబద్ధం.

*

మర్నాడు భుజాలత్త పనిలోకి వెళ్ళింది. రెండో పైపు కింద కొత్త మనిషి నిలబడి ఉంది. మొదటి పైపు కింద పొడుగావిడ, నాలుగో పైపు కింద ఎప్పుడూ నవ్వే ఆవిడ. వేడిగాలికి మొహాలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఎలా ఉంది నీ కోడలు?"

"రేపు ఆపరేషను." భుజాలత్త దుప్పటి విసిరింది. "ఒసేయ్, దాని భుజం బల్ల మీద ఎన్నిసార్లు సర్దుంటాను?"

"ఎవరికి తెలుసు? నువ్వు నవ్వించినప్పుడల్లా!" అంది నవ్వులావిడ.

"నిజంగా అడుగుతున్నా."

"పెద్ద హోటలు పరదాలొచ్చిన రోజు ఒకటి," అంది పొడుగావిడ. "నేను చూశాను. నాలుగో పరదాకి కేక పెట్టింది."

"అది నాది," అంది నవ్వులావిడ. "దానిది ఆ మర్నాడు."

"వానల్లో డ్రయ్యర్లు పాడైన వారం రెండు," అంది పొడుగావిడ.

"మూడు. శనివారం పొద్దునొకటి, సాయంత్రమొకటి. సాయంత్రం నువ్వు దాన్ని తిట్టావు కూడా అత్తా, ‘ఏమే, రోజుకి రెండుసార్లా, బల్లకి బాడుగ కట్టాలి నువ్వు’ అని."

అందరూ నవ్వారు. భుజాలత్త కూడా నవ్వబోయింది. ఎడమచేతి బొటనవేలు కణుపుల మీద నడుస్తోంది. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్తున్నారు. కొత్త యూనిఫారాలు వచ్చినప్పుడు. మిషను బిగించడానికి ఇంజనీర్లు వచ్చి అద్దాల్లోంచి చూస్తున్నప్పుడు, అప్పుడు వాళ్ళకి కనిపించకూడదని బల్ల దగ్గరికి గోడ వారగా తీసుకెళ్ళారు. పెళ్ళిరోజున, కొత్త చీర మీద. దుప్పట్లు విసిరే చప్పుడులో మాటలు అతుకుతూ పోయాయి. భుజాలత్త ఎడమచేతి కణుపులన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇరవై రెండు," అంది చివరికి.

ఎవరూ నవ్వలేదు. పొడుగావిడ దుప్పటి చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"నావెన్నో?" అందావిడ నెమ్మదిగా.

మధ్యాహ్నం భోజనాల వేళ భుజాలత్త కుట్టు గదిలోకి వెళ్ళి కూర్చుంది. కుట్టు గదిలో పనిచేసే పెద్దాయన చిరిగిన దుప్పట్లని కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తున్నాడు. ఒకదాన్ని మిషను మీద పెట్టాడు. ఇంకోదాన్ని పక్కకి విసిరాడు.

"అదీ అంచే చిరిగింది, ఇదీ అంచే చిరిగింది. అదేం పాపం చేసింది?" అందావిడ.

"దాని అంచు అరిగిపోయింది అత్తా. పట్టుకుంటే పత్తిలా ఉంది. దాన్ని కుడితే ఒక్క ఉతుక్కి కుట్టు పక్కనే చిరుగుతుంది. వేరే గుడ్డ వేసి అతుకు వేయాల్సిందే." ఆయన కళ్ళజోడు పైకెత్తాడు. "ఎన్ని ఉతుకులయ్యాయో చెప్పరు. చూడ్డానికి కొత్తదే అంటారు. కుట్టు పోతే నన్నంటారు."

భుజాలత్త తెచ్చుకున్న డబ్బా మూత తీయలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం వెళ్ళేటప్పుడు సూపర్వైజరు గేటు దగ్గర ఆపాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆవిడ కొడుక్కి వ్యాను పని వేయించింది ఆయనే.

"లైనులో ఏవో లెక్కలు పెడుతున్నారట?"

"ఊరికే."

"అత్తా, ఒక్క మాట. ఆసుపత్రి కాగితంలో లాండ్రీ పేరు రాకూడదు. ఇంట్లో జారిపడిందని రాయించుకో. బల్ల సంగతి బయటికొస్తే పైవాళ్ళు నన్ను అడుగుతారు, నేను నిన్నే చూపించాలి. అక్కడ డాక్టరు చదువు చదివినదెవరు, సర్దిందెవరు? నీ మంచికే చెప్తున్నా."

"నాకు తెలుసు బాబూ," అంది భుజాలత్త. ఆయన నిజమే చెప్తున్నాడని ఆవిడకి తెలుసు.

ఇంటికొచ్చేసరికి కోడలు ఒంటిచేత్తో కూరగాయలు తరగడానికి కష్టపడుతోంది. దోసకాయ పీట మీద నుంచి దొర్లి పోయింది. భుజాలత్త వంగి తీసి, కత్తి అందుకుని తనే తరిగింది.

"రేపు ఏమీ తినకుండా రమ్మన్నారు," అంది కోడలు.

"ఊఁ."

"మీరు పనిలోకి వెళ్ళండి అత్తయ్యా. ఆయనుంటారుగా."

"వస్తాలే," అంది భుజాలత్త.

*

పొద్దున ఏడింటికి కోడలికి ఆకుపచ్చ గౌను తొడిగి, కుడిభుజం మీద సిరాతో గుర్తు పెట్టి, చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. కొడుకు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. నర్సు ఒక్కో కాగితం తిప్పుతోంది, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటోంది.

డాక్టరమ్మ నడవ చివర్నుంచి వస్తూ కనిపించింది. చేతిలో టీ కప్పు, పైన మూత. భుజాలత్త లేచి ఎదురువెళ్ళింది.

"ఇరవై రెండండీ," అంది.

"ఏంటమ్మా?"

"నా కోడలి భుజం. ఇరవై రెండుసార్లు ఊడింది. మీరు రాసుకున్న రెండూ కాక."

డాక్టరమ్మ ఆగింది. టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టింది.

"ఎవరు పెట్టారు?"

భుజాలత్త చెంగులో చుట్టుకున్న చేతులు బయటికి తీసింది. "నేనే. లాండ్రీలో. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చేతికి తడి తువ్వాళ్ళ మూట కట్టి. అది బట్టలు మడతపెట్టదండీ. పైపు మీదికి దుప్పట్లు విసురుతుంది, రోజుకి మూడొందలు. నేనూ అదే చేస్తా. ఆరుగురం."

వెనకాల కొడుకు, "అమ్మా!" అన్నాడు. ఆవిడ తిరిగి చూడలేదు.

"మొన్న నేను అడిగినప్పుడు మీరక్కడే ఉన్నారు," అంది డాక్టరమ్మ.

"ఉన్నానండీ."

"ఇంకో గంటైతే నేను కుట్టు వేసేదాన్ని. ఏడాది తిరగకుండా ఊడిపోయేది. మళ్ళీ కోయాల్సి వచ్చేది. తెలుసా?"

"తెలిసిందండీ. నిన్న తెలిసింది. అరిగిన అంచుకి కుట్టు ఆగదు."

డాక్టరమ్మ వింతగా చూసింది. తర్వాత గబగబా చక్రాల మంచం దగ్గరికి వెళ్ళింది. నర్సు చేతిలోంచి కాగితం తీసుకుని అడ్డంగా రెండు గీతలు గీసింది.

"ఇవాళ కుదరదమ్మా," అంది కోడలితో. "చేయాల్సిన ఆపరేషను మారింది. రెండో దారి చెప్పాను చూశారా, ఎముక తెచ్చి బిగించేది. దానికి వేరే సామాను కావాలి. రేపు పొద్దున మొదట మీదే. మళ్ళీ మొదట్నుంచి అన్నీ చెప్తాను, మీకు ఇష్టమైతేనే సంతకం పెట్టండి. ఇక్కడ, ముందు వైపు, అరచేయంత కోత ఉంటుంది."

కోడలు పడుకునే తల తిప్పి అత్తని చూసింది. "చెప్పేశారా?" అంది.

"చెప్పేశా."

"మీ పని పోతుంది అత్తయ్యా."

"నువ్వు మాట్లాడకు. ఏమీ తినలేదు, నీరసమొస్తుంది." అని, "వాళ్ళు ఇప్పుడు తినొచ్చంటున్నారు, ఏదైనా తెస్తా," అని భుజాలత్త వెళ్ళిపోయింది. క్యాంటీను ఎటో తెలియక ఆ నడవలోనే రెండుసార్లు తిరిగింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ కూర్చుని మళ్ళీ అన్నీ చెప్పింది. ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు. మొదటి నెల జోలెలోనే. బరువు పనికి ఆరు నెలలు ఆగాలి. కోడలు రెండు ప్రశ్నలు అడిగింది. చెయ్యెత్తి జుట్టు దువ్వుకోగలనా? పిల్లలు పుడితే ఎత్తుకోగలనా? రెండింటికీ డాక్టరమ్మ "నెమ్మది మీద" అంది. కోడలు ఎడమచేత్తో, వంకరగా సంతకం పెట్టింది. ఎక్కడ, ఎలా జరిగింది అన్న చోట డాక్టరమ్మ రాసి చదివి వినిపించింది: పనిచేసే చోట, దుప్పట్లు పైకి విసురుతూ, ఇరవై నాలుగుసార్లు.

"అలాగే ఉంచనా?" అని అడిగింది భుజాలత్తని.

"అలాగే ఉంచండి."

*

ఆపరేషను రెండు గంటలు పట్టింది. ఆ మర్నాడు పొద్దున డాక్టరమ్మ చూడ్డానికి వచ్చింది. కోడలి వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టుకుని, తెలుస్తోందా అని అడిగింది. మోచెయ్యి మడవమంది, మణికట్టు ఎత్తమంది. అన్నీ తెలుస్తున్నాయి, అన్నీ కదులుతున్నాయి. ఫోటోలో రెండు స్క్రూలు తెల్లగా, పక్కపక్కన కనిపించాయి.

వెళ్ళబోతూ డాక్టరమ్మ భుజాలత్త దగ్గర ఆగింది.

"ఆ బల్ల మీద ఎలా పెడతారో చెప్పండమ్మా ఒకసారి."

తిట్లు ఇప్పుడు మొదలవుతాయనుకుంది భుజాలత్త. రెండు రోజుల్నుంచి వాటి కోసమే చూస్తోంది. పడితే తేలికవుతుందనిపిస్తోంది. అన్నీ దాచకుండా చెప్పింది. తువ్వాళ్ళెన్నో, మూట ఎలా కడుతుందో, మాటల్లో ఎలా పెడుతుందో, బొటనవేలు ఎక్కడ పెట్టి ఎటు నెడుతుందో.

డాక్టరమ్మ శ్రద్ధగా విని తలాడించింది.

"బాగానే చేశారు. మేమూ అలాగే చేస్తాం. మా పుస్తకాల్లో ఉన్నదే అది. ముందు ఫోటో తీస్తాం, ఎముక విరిగిందేమో చూడ్డానికి. మీకు ఆ వీలు లేదు. కానీ మీ చెయ్యి మంచి చెయ్యే."

"మరి ఎముక అరిగింది కదండీ, నేను నెట్టబట్టి?"

"మీరు నెట్టినందుకు కాదమ్మా. ఊడినప్పుడల్లా అరుగుతుంది. మొదటిసారి పెట్టాక చెయ్యి జోలెలో కట్టి, మూడు వారాలు ఇంటి దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఇన్నిసార్లు ఊడేది కాదేమో. మీరు పెట్టి, మళ్ళీ విసరడానికి పంపారు."

ఆవిడ కోపంగా చెప్పలేదు. ఉన్నమాట చెప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

భుజాలత్త నిలబడే ఉంది. చేతులు తప్పు చేశాయంటే ఒప్పుకోవడానికి సిద్ధపడి వచ్చింది. చదువు లేదు, తెలియక చేశాను అని చెప్పుకోవడానికి ఒక దారి ఉండేది. చేతులు తప్పు చేయలేదట. పంపింది నోరు. ‘పోవే, అయిపోయింది, పైపు ఖాళీగా ఉంది’ అన్న నోరు. అది తెలియక అన్న మాట కాదు.

తొమ్మిదిన్నరకి కొడుకు వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. మంచం పక్కన కూర్చోకుండానే చెప్పాడు.

"సూపర్వైజరు ఫోను చేశాడమ్మా. ఆసుపత్రి కాగితం లాండ్రీకి చేరిందట. పదింటికల్లా నువ్వొచ్చి, పొరపాటున చెప్పాను, ఇంట్లోనే జరిగింది అని రాసిస్తే, ఎప్పట్లా షిఫ్టులోకి రావొచ్చట. రాకపోతే ఇక రానక్కర్లేదన్నాడు." ఆగి, "వ్యాను కిందే ఉంది," అన్నాడు. ఏం చేయమంటావని అతను అడగలేదు. తాళాలు గుప్పిట్లో పట్టుకుని, మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్ళాడు.

భుజాలత్త దువ్వెన తీసుకుంది. రెండు రోజులుగా కోడలి జుట్టు చిక్కుపడి ఉంది. మంచం తల దగ్గర నిలబడి, కొసల దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా చిక్కు తీయడం మొదలుపెట్టింది.

"నొప్పా?"

"లేదత్తయ్యా."

"బల్ల మీద పడుకున్నప్పుడు నొప్పుండేదా?"

"ఉండేది."

"ఒక్కసారన్నా చెప్పలేదేమే? అందరితో పాటు నవ్వేదానివి."

"మీరు నవ్వించేవాళ్ళు కదా." కోడలు కళ్ళు మూసుకునే మాట్లాడుతోంది. "టక్కుమన్నాక నేను వెంటనే లేచేదాన్ని కాదు, గుర్తుందా? కాసేపు అలాగే పడుకునేదాన్ని."

"కళ్ళు తిరుగుతున్నాయనేదానివి."

"తిరిగేవి కాదు. మీరేమంటారో అని పడుకునేదాన్ని. ఇవాళన్నా ఇంటికి పొమ్మంటారేమో అని."

దువ్వెన ఆగింది. ఇరవై రెండుసార్లలో ప్రతిసారీ బల్ల మీద ఆ కాసేపు ఉంది. ప్రతిసారీ భుజాలత్త గడియారం వైపు చూసింది. పక్క మంచం మీద ఎవరో నీళ్ళు అడిగితే నర్సు వెళ్ళి ఇచ్చింది.

కోడలు కళ్ళు తెరిచి గోడ గడియారం చూసింది.

"పదవుతోంది అత్తయ్యా. వెళ్ళండి. ఆరు నెలలు నేనెలాగూ పోలేను. ఇద్దరి జీతమూ పోతే ఎలా? ఏదో ఒకటి రాసిచ్చెయ్యండి, నేనేమీ అనుకోను. టైమైపోతుంది."

భుజాలత్త కాలితో స్టూలు దగ్గరికి లాక్కుంది. కూర్చుని, చేతిలోని పాయని మళ్ళీ కొసదాకా దువ్వింది.

"అయిపోనీ," అంది.